ఉసిళ్ళ వేళ గాలం: ఈకలతో తేలే ఈగ కట్టుకునే చిట్కాలు

తొలకరి పడ్డ మర్నాటి సాయంత్రం మాచర్లలో చంద్రవంక ఒడ్డున నిలబడండి. పుట్టల్లోంచి లేచిన ఉసిళ్ళు గాలికి కొట్టుకొచ్చి నీళ్ళ మీద పడతాయి. రెక్కలు నీటికి అంటుకుపోయి, కాళ్ళు కొట్టుకుంటూ ఉన్నచోటనే గిరగిరా తిరుగుతాయి. ఇక వాగంతా చిటపటలే. అడుగున వానపాము ఎర వేసి బెండు వంక చూస్తూ కూర్చున్నవాడికి ఆ పూట ఒక్క పరిగె దొరకదు. చేపల చూపంతా పైనే ఉంటుంది.

మా మేనల్లుడు కొలరాడోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి సౌత్ ప్లాట్ నదిలో ట్రౌట్ చేపల కోసం ఈకలతో కట్టిన ఈగల్ని గాలానికి తగిలించి వేస్తాడు. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు అలాంటి ఈగల డబ్బా నా చేతిలో పెట్టాడు. ట్రౌట్ మన నీళ్ళలో బతకదు. నీళ్ళు 20 డిగ్రీలు దాటేసరికి డీలా పడిపోయే చేప అది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరులు, మున్నారు లాంటి చలి ప్రాంతాల్లోనే దాన్ని చూస్తాం. రెంటచింతల ఎండల మధ్య దాని ఊసే లేదు. కానీ నీటి పైపొర దగ్గర జరిగే తంతు అక్కడా ఇక్కడా ఒక్కటే. ఆ డబ్బాలో సగం మునిగి సగం తేలే ఈగ ఒకటుంది. దాన్ని ఎమర్జర్ అంటారు. కుబుసం వదిలి రెక్కలు విప్పుకుంటున్న పురుగుకు అది నకలు. దాన్ని మన ఇంట్లో దొరికే సరుకుతో కట్టి, మన కాలవల్లో వేసి నేర్చుకున్నవే ఈ చిట్కాలు.

1. గాలం సంగతి తర్వాత, ముందు పెరట్లో తొట్టి దగ్గర కూర్చోండి. కదపని నీళ్ళలో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటిలో కొన్నిటికి తల లావుగా ఉండి, ఒళ్ళు కామా గుర్తులా వంగి ఉంటుంది. రెక్కలు రావడానికి సిద్ధమైనవి అవే. వాటిని ఓ గాజు సీసాలోకి తీసుకుని, మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టి, కిటికీ దగ్గర పెట్టండి. గుడ్డ కట్టడం మాత్రం మరవద్దు, ఇంట్లో డెంగీ దోమల్ని వదిలినట్టవుతుంది. ఒక ఉదయం నా అదృష్టం కొద్దీ సరిగ్గా ఆ సమయానికి చూశాను. వంగి ఉన్న ఒళ్ళు నిటారుగా సాగింది. వీపు మీద సన్నటి చీలిక పడింది. అందులోంచి ముందు లేతరంగు వీపు, తర్వాత తల, ఆ తర్వాత ముడతలు పడ్డ రెక్కలు పైకొచ్చాయి. ఖాళీ అయిన చర్మమే దానికి పడవ. ఆ పడవలో నిలబడి కాళ్ళు ఒక్కొక్కటీ పైకి లాక్కుంటోంది. అప్పుడది ఎగరలేదు, అడుగుకీ పారిపోలేదు. చేపకు అంతకన్నా తేలికైన మేత ఏముంటుంది? మనం కట్టబోయే ఈగ ఆ రెండు మూడు నిమిషాల బొమ్మ. చూడటం అయ్యాక సీసాలో మరిగే నీళ్ళు పోసి, చల్లారాక పారబోయండి.

2. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, చిన్న కాగితం ముక్క మీద కుట్టుసూది పెట్టి మెల్లగా వదలండి. కాగితం తడిసి మునిగిపోతుంది, సూది మాత్రం తేలుతుంది. దాని కింద నీరు చర్మంలా కొద్దిగా గుంటపడటం పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఒక్క చుక్క సబ్బునీళ్ళు వేయండి, సూది టపీమని మునుగుతుంది. దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చిన్న పురుగుకు ఆ పొరను చీల్చుకుని పైకి రావడం మూతపెట్టిన గిన్నెలోంచి బయటపడటమంత కష్టం, అందుకే చేపలు అక్కడ కాపుకాస్తాయి. రెండోది, చేతులకు సబ్బు జిడ్డు ఉండగా ఈగను ముట్టుకోకండి.

3. గాలం విసిరే ముందు ఐదు నిమిషాలు చేపలు లేచే తీరు చూడండి. నీటి వలయం మధ్యలో ఒక బుడగ మిగిలితే చేప నోరు పైకి తెరిచి, తేలుతున్న పురుగును గాలితో సహా మింగిందని లెక్క. మూతి కనబడకుండా వీపు మాత్రమే ఒక్కసారి మెరిసి, బుడగ లేకుండా నీరు ఉబికినట్టయితే అది పొర కిందున్న పురుగును తింటోంది. ఎమర్జర్ వేయాల్సింది ఆ రెండో దానికి. సౌత్ ప్లాట్ ఒడ్డున ట్రౌట్‌ని చూసే కన్నుకీ, సాగర్ కుడికాలవ డ్రాపు కింద పరిగెను చూసే కన్నుకీ ఇందులో తేడా లేదు.

4. ఏ చేప పైకి వస్తుందో దాని నోరే చెబుతుంది. మోసుకు నోరు కిందికి ఉంటుంది, అది బురద వెతుక్కునే చేప, దానికోసం ఈగ వేస్తే పొద్దు వృథా. బొచ్చెకు నోరు పైకే ఉంటుంది, పైనీళ్ళలోనే తిరుగుతుంది, కానీ అది నలుసుల్లాంటి జీవుల్ని వడగట్టుకు తింటుంది కాబట్టి దాని మీదా ఆశ పెట్టుకోవద్దు. ఈగకు తగిలేవి పరిగెలు, పక్కెలు, గురకలు, తిలాపియాలు. గట్టు పక్క గడ్డిలో కొర్రమీను ఉంటే అప్పుడప్పుడూ అదీ లంకించుకుంటుంది. అప్పుడు సన్నటి తంగూసు నిలవదు.

5. ఈకల దగ్గర తొందరపడకండి, అసలు పనితనం అక్కడే ఉంది. తేలే ఈగకు ప్రాణం పుంజు మెడ ఈక. పెట్ట ఈక మెత్తగా ఉండి నీళ్ళు పీల్చుకుంటుంది. బ్రాయిలర్‌ కోడిని ఈక ముదరకముందే కోసేస్తారు కాబట్టి అదీ పనికిరాదు. ఏడాది దాటిన నాటుపుంజు మెడ మీది ఈకను వెలుతురుకు పెట్టి చూడండి. నడి ఈనెకు రెండు వైపులా పీచులు విడివిడిగా, బిరుసుగా, అద్దంలా మెరుస్తూ ఉంటే మంచిది. ఈనె పక్కన మబ్బు పట్టినట్టు నూగు కనిపిస్తే అంతమేరకు పీకి పారేయండి, నీళ్ళు తాగేది ఆ నూగే. పెదవి మీద రాసుకుంటే చీపురుపుల్లలా గుచ్చుకోవాలి.

రంగుల సంగతి పల్నాటివాళ్ళకు ఒకరు చెప్పాలా! ఎర్రటి ఉసిళ్ళకు డేగ పుంజు ఈక, నల్లటి చిన్న పురుగులకు కాకి పుంజు ఈక, పసుపు ఛాయ కావాలంటే నెమలి పుంజు ఈక. కోడిపందెంలో ఓడి మలిదేవుల పక్షం మాచర్ల విడిచి ఏడేళ్ళు వలస పోయిందనీ, చివరికది కారెంపూడి యుద్ధందాకా వచ్చిందనీ చెప్పుకునే నేల ఇది. ఇప్పటికీ కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఒక రోజు పేరే కోడిపోరు. పుంజు ఈక రంగును ఇన్ని పేర్లతో గుర్తుపట్టే మనం దాన్ని చెత్తబుట్టలో వేయడం నాకు మనసొప్పదు. కొలరాడోలోని డెల్టా అనే ఊళ్ళో వైటింగ్ ఫార్మ్స్ వాళ్ళు ఈ ఈకల కోసమే పుంజుల్ని తరాల తరబడి ఎంచి పెంచుతున్నారు. ఆదివారం మన ఇంటికి నాటుకోడి తెచ్చినప్పుడు మెడ తోలు ఈకలతో సహా ఒలిచి ఇవ్వమని అడగండి, చాలు.

6. ఆ తోలుకు లోపలివైపు అంటుకున్న కొవ్వంతా చెంచా అంచుతో గీకి, ఉప్పు దట్టంగా పట్టించి, అట్టముక్క మీద పరిచి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టండి. వారానికి అప్పడంలా గట్టిపడుతుంది. షాంపూనీళ్ళలో ఈకలు కడిగి మళ్ళీ ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో రెండు నాఫ్తలీన్ ఉండలతో దాచండి. నేను మొదటిసారి కొవ్వు సరిగా గీకలేదు. రెండు నెలలకు డబ్బా తీస్తే పురుగులు ఈనెలు మాత్రమే మిగిల్చాయి.

7. నెమలికన్ను పీచు ఈగ ఒంటికి చుట్టడానికి చాలా బాగుంటుంది, పొలం గట్టున రాలిన ఈక ఒక్కటి ఏళ్ళ తరబడి సరిపోతుంది. రాలినదే ఏరుకోండి. నెమలిని పట్టడం, ఈకలు పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

8. కొక్కెం చిన్నది, తేలికపాటిది కావాలి. నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి: ఉసిళ్ళకు 12, చిన్న పురుగులకు 16. కాడ కొంచెం వంపు తిరిగినది దొరికితే ఎమర్జర్‌కు మేలు, ఒళ్ళు నీళ్ళలోకి వేలాడుతుంది. కట్టడం మొదలుపెట్టే ముందే లోపలున్న ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి అణిచేయండి. చేప జారిపోతుందని భయం వద్దు, తంగూసు వదులు కాకుండా చూసుకుంటే జారదు. ఎందుకు అణచమంటున్నానో పదిహేనో చిట్కాలో చెబుతాను.

9. దారం సన్నంగా ఉండాలి. పూలు కట్టే దారం మోకులా ఉంటుంది. మిషను ఎంబ్రాయిడరీ దారం సరిగ్గా సరిపోతుంది. తేనెమైనం ముక్క మీద ఒకసారి లాగితే జారకుండా పట్టు దొరుకుతుంది. కొక్కేన్ని పట్టి ఉంచడానికి బల్ల అంచుకు బిగించే చిన్న వైసు కొనుక్కుంటే మంచిది. లేకపోతే కంసాలి వాడే చేతి పట్టకారును రెండు ఇటుకల మధ్య నిలబెట్టినా పని జరుగుతుంది.

10. ఇప్పుడు కట్టడం. నేను నేర్చుకున్న పద్ధతి 1980ల్లో హాన్స్ వాన్ క్లింకెన్ అనే డచ్చి ఆయన నార్వేలోని గ్లోమా నది దగ్గర రూపొందించిన ఈగది. దాన్ని ఆయన పేరుతోనే క్లింకామర్ అంటారు. ఆయన సరుకు వేరు, మనది వేరు.

ముందు రెక్క కోసం తెల్లటి పోగు కావాలి. ఎరువుల బస్తా అంచులో ఊడిన పోగు తీసుకుని సూదిమొనతో నిలువునా చీల్చి దువ్వండి, పీచు పీచుగా వస్తుంది. అది పాలీప్రొపిలీన్, నీటికన్నా తేలిక. నైలాన్ తాడు పోగు మునుగుతుంది. అనుమానమొస్తే గ్లాసు నీళ్ళలో వేసి ముంచి చూడండి, తేలివచ్చిందే మనది. కొక్కెం కన్ను నుంచి కాడలో మూడో వంతు దూరంలో ఈ పోగును దారంతో కట్టి, నిటారుగా లేపి, మొదలు చుట్టూ ఆరేడు చుట్లు వేయండి. చిన్న జెండాకర్రలా నిలబడాలి. తర్వాత దారాన్ని వంపుదాకా తీసుకెళ్ళి, మామూలు నూలుదారంతో ఒళ్ళు చుట్టుకుంటూ వెనక్కి రండి. నూలు నీళ్ళు పీలుస్తుంది కదా అంటారేమో, పీల్చాలనే! ఒళ్ళు మునగాలి, రెక్క తేలాలి, అదే ఈ ఈగ కిటుకంతా. ఒళ్ళు తోకవైపు సన్నగా, రెక్క దగ్గర కాస్త లావుగా ఉండాలి. రెక్క ముందూ వెనకా నెమలికన్ను పీచు రెండు మూడు చుట్లు వేస్తే పురుగు రొమ్ములా మెరుస్తుంది.

చివరిగా పుంజు ఈక. పీచు పొడవు కొక్కెం నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లుండే ఈకను ఎంచుకోండి. దాని మొదలును జెండాకర్ర పక్కన కట్టి, కొసను పట్టుకుని కర్ర చుట్టూ గొడుగులా అడ్డంగా చుట్టండి. పై చుట్టు ముందు, తర్వాతి చుట్టు దాని కింద, ఇలా ఐదు చుట్లు చాలు. కింద నుంచి పైకి చుడితే ఒకదానిమీదొకటి జారి ఊడిపోతాయి. నా మొదటి పది ఈగలూ అలాగే పోయాయి. పీచులన్నీ నీటి పొర మీద కాళ్ళు చాపినట్టు పడుకోవాలి.

11. దారం ముడికి ఖాళీ బాల్‌పెన్ను మొన వాడండి. రిఫిల్ తీసేసి, మొన మీద దారం ఒక ఉచ్చు వేసి, ఆ రంధ్రాన్ని కొక్కెం కన్నుకు ఆనించి ఉచ్చును జార్చండి. మూడుసార్లు చేస్తే ముడి కదలదు. మీద సూదిమొనతో ఒక చుక్క గోళ్ళరంగు, రంగులేనిదైతే మరీ మంచిది. కన్ను పూడిపోకుండా చూసుకోండి.

12. ఉసిళ్ళ ఈగకు ఒక మార్పు. ఉసిళ్ళకు నాలుగు రెక్కలూ సమానంగా, ఒంటికన్నా పొడవుగా ఉంటాయి. ఆపిల్‌ పండుకు తొడిగే తెల్లటి నురుగు తొడుగులోంచి సన్నటి పోగు కోసి ఒంటి మీద పెట్టి, పల్చటి పాలిథిన్ కవరును రెక్కల ఆకారంలో కత్తిరించి రెండు వైపులకూ వాలేట్టు కట్టండి. మృగశిర కార్తెకు ముందే అరడజను కట్టి ఉంచుకోవాలి. ఉసిళ్ళు లేచాక కట్టడానికి కూర్చుంటే వాటి గంట అయిపోతుంది. నిజం ఉసిళ్ళనే గుచ్చవచ్చు కదా అంటే గుచ్చవచ్చు, మా నాన్న అలాగే పట్టేవాడు. కానీ అవి రెండు విసుర్లకే చితికిపోతాయి.

13. ఈగ తడవకుండా ఉండటానికి వాసెలిన్ పెసరగింజంత వేళ్ళ మధ్య కరిగించి రెక్కకూ పుంజు ఈకకూ మాత్రమే తాకించండి. ఒంటికి అంటితే పొరలోకి దిగదు. చేప పట్టాక ఈగ జిగురెక్కి మునుగుతుంది. నీళ్ళలో జాడించి, గుడ్డలో నొక్కి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు విప్పి పోసిన చిన్న సీసాలో వేసి ఊపండి. మళ్ళీ కొత్తదానిలా తేలుతుంది. ఆ పొట్లాలు పారేయకండి, పిల్లలకు అందనివ్వకండి.

14. చక్రం గాలం కొనక్కర్లేదు. జపాన్ కొండవాగుల్లో టెన్‌కారా అని ఒక పద్ధతి ఉంది: పొడుగాటి కర్ర, కొసకు కట్టిన దారం, చివర ఈగ, అంతే. మన వెదురు గాలపు బొంగు దానికి తోబుట్టువు. 12 అడుగుల సన్నటి బొంగు, అంతే పొడవు తంగూసు చాలు. ఈగ వైపు చివరి మూడడుగులు మాత్రం మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సన్నది కట్టండి. బెండు, సీసం తీసేయండి. ఈగను నీళ్ళ మీద కొట్టకుండా, ముందు ఈగే తాకేట్టు బొంగును పైనే ఆపండి. చేప లేచిన చోటికి రెండు బారల ఎగువన వేసి, నీరు తీసుకెళ్ళినట్టే వెళ్ళనివ్వండి. ప్రవాహానికి అడ్డంగా ఈగ గీత గీసిందంటే ఇక చేప దాన్ని నమ్మదు. చేప అందుకోగానే గుంజకండి, బొంగు కొస ఎత్తితే చాలు. వానపాము గాలంలాగా ఒక్క ఊపు ఊపితే పరిగె మూతి చిరిగి ఖాళీ కొక్కెం వస్తుంది.

15. కళ్ళద్దాలు పెట్టుకోండి, టోపీ పెట్టుకోండి. నాగులేరు ఒడ్డున ఒక సాయంత్రం గాలి అటునుంచి ఇటు తిరిగి, నేను విసిరిన ఈగ నా చెవి తమ్మెలోనే దిగింది. ఆ రోజు కొక్కేనికి ఎదురుముల్లు అణచలేదు. ఆసుపత్రిలో కోసి తీయాల్సి వచ్చింది, టెటనస్ సూది పడింది. అదే రెండు అంగుళాలు ముందుకు వచ్చి ఉంటే కంట్లో దిగేది. అప్పటినుంచి ముల్లు అణచని కొక్కెం నా డబ్బాలో లేదు. పిల్లల్ని వెంట తీసుకెళితే మీ వెనక నిలబడనివ్వకండి.

16. కాలవ దగ్గర జాగ్రత్త. 1967లో సాగర్ నుంచి నీళ్ళు వదిలినప్పటి నుంచి కుడికాలవ మన పల్నాడుకు అన్నం పెడుతోంది, అదే కాలవ ఎన్నో ఇళ్ళల్లో దీపాలు ఆర్పింది కూడా. వాలుగోడ మీద పాచి పట్టిన చోట కాలు పెడితే పైకెక్కే దారి దొరకదు, ఈత వచ్చినా దొరకదు. పెద్ద కాలవ వాలు మీదికి దిగనే వద్దు, గట్టు మీద నిలబడి అందినంతవరకే. మేజరు, మైనరు కాలవలు, వాగుల్లో మోకాలిలోతు మడుగులు ఈ గాలానికి అన్నివిధాలా మేలు. ఒంటరిగా వెళ్ళకండి. తడిసిన బొంగుతో కరెంటు తీగల కింద నడిచేటప్పుడు దాన్ని అడ్డంగా పట్టుకోండి. ఎత్తిపోతల దిగువన, కృష్ణ ఒడ్డున మొసళ్ళుంటాయి, అక్కడ నీళ్ళ అంచుకు వెళ్ళే ఆలోచన మానుకోండి.

17. చెరువులో చేపలు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘం వాళ్ళవి, పిల్లలు వదిలి పెంచుకున్నవి. అడిగి వేయండి. నాలుగు పరిగెలకు వద్దనేవాళ్ళు నాకైతే ఇంతవరకు తగల్లేదు. అభయారణ్యం హద్దుల్లో మాత్రం గాలం తీయకూడదు.

18. వానలకు వాగు పొంగే రోజుల్లో గుడ్లతో పొట్ట ఉబ్బిన చేప పడితే చేయి తడి చేసుకుని పట్టుకుని, కొక్కెం తీసి, ఎదురునీటికి మూతి పెట్టి వదిలేయండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు ఊడి, తర్వాత పుండు పడుతుంది. ముల్లు అణచిన కొక్కెం రెండు వేళ్ళ మధ్యే జారి వచ్చేస్తుంది.

19. లేచి వచ్చే ముందు ఈగల్ని లెక్కపెట్టుకోండి. తెగిన తంగూసు ముక్క గడ్డిలో వదిలేస్తే కొంగ కాలికో బర్రె నోటికో చుట్టుకుంటుంది. నేను ఖాళీ అగ్గిపెట్టె ఒకటి చొక్కా జేబులో పెట్టుకుంటాను, ముక్కలన్నీ చుట్టి అందులో వేసి, ఇంటికొచ్చి కాల్చకుండా కత్తెరతో చిన్నచిన్నగా కత్తిరించి చెత్తలో వేస్తాను.